పద్నాలుగు రోజుల గడువు

దేశవ్యాప్త సమ్మెకు పిలుపు వచ్చినప్పుడల్లా రాజధానిలో ఒక కాగితం కదులుతుంది. కేంద్ర సిబ్బంది శాఖ నుంచి అన్ని మంత్రిత్వ శాఖలకూ వెళ్లే ఆ ఉత్తర్వు పాఠం దాదాపు ఎప్పుడూ ఒకటే. సమ్మెలో పాల్గొన్న ఉద్యోగికి ఆ రోజు జీతం ఉండదు. క్రమశిక్షణ చర్య ఉండవచ్చు. సమ్మె రోజుకు సెలవు మంజూరు చేయరాదు. ఎందరు విధులకు రాలేదో సాయంత్రానికి లెక్క పంపాలి. ఢిల్లీలో విలేకరిగా ఇటువంటి ఉత్తర్వులు చాలా చూశాను. సమ్మె చేస్తామంటున్న వారు ఏమి అడుగుతున్నారో, వారితో ఎవరు ఎప్పుడు మాట్లాడారో చెప్పే వాక్యం మాత్రం వాటిలో నా కంట పడలేదు.

ఆ మధ్య ఆంధ్రా భవన్ భోజనశాలలో ఒక మిత్రునితో ఈ మాటే అంటూ ఉండగా, పక్క బల్ల వద్ద కూర్చున్న ఒక పెద్దాయన కలుగజేసుకున్నారు. కూతురింటికి ఢిల్లీ వచ్చారట. యౌవనంలో మన వైపు ఒక జంక్షన్‌లో ఆవిరి ఇంజను మీద ఫైర్‌మన్‌గా పని చేశారట.

"మీరు డెబ్బై నాలుగు సమ్మెలో ఉన్నారా అండీ?" అని అడిగాను.

"ఇరవై రోజులూ ఉన్నాను బాబూ. ఇంజను ఎక్కినవాడు ఎప్పుడు దిగుతాడో ఇంట్లో ఆడవాళ్లకు చెప్పలేని ఉద్యోగం అది. ఎనిమిది గంటల పని అడిగాం. సమ్మె నోటీసు ఇచ్చిన నాటి నుంచి మేము చర్చల్లో ఏమి వస్తుందా అని ఎదురు చూస్తున్నాం. వాళ్లు మా పేర్లు రాసుకుంటున్నారు" అన్నారాయన.

ఇందులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా వినిపించింది. యాభై ఏళ్లు గడిచినా తీరని ఆశ్చర్యం అది. ఆయన చెప్పిన రెండు పనులూ, అంటే చర్చలూ, పేర్ల జాబితాలూ, ఒకే పక్షం రోజులలో ఎలా సాగాయన్నది ఈ వారం పాఠకుల ముందుంచదలిచాను. శాంతిభద్రతల పేరిట ప్రభుత్వాలు వేసుకునే ప్రణాళికల అసలు స్వరూపం అక్కడ తేటతెల్లమవుతుంది.

రైల్వే ప్రజోపయోగ సర్వీసు. ఆనాటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద అటువంటి సర్వీసులో నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపు సమ్మె చేయకూడదన్న నియమం ఉండేది. ఈ గడువు శిక్ష కాదు. ఆ రోజులలో రాజీ అధికారి రంగంలోకి దిగాలి, ఇరుపక్షాలూ కూర్చోవాలి, వీలైతే సమ్మె అవసరమే లేకుండా పోవాలి. చట్టం ఉద్దేశం అది. 1974లో రైల్వే సంఘాల జాతీయ సమన్వయ సంఘం ఆ నియమాన్ని పాటించింది. ఏప్రిల్ 23న నోటీసు ఇచ్చి, మే 8 ఉదయం నుంచి సమ్మె అన్నది. కోరికలు కూడా దాపరికం లేనివే: ఎనిమిది గంటల పనిదినం, ప్రభుత్వ రంగ పరిశ్రమలలోని వారితో సమానమైన వేతనాలు, ధరలకు తగిన కరువు భత్యం, బోనస్. ఆ ఏడాది టోకు ధరలు 20 శాతానికి మించి పెరిగాయి. బోనస్ చట్టం కింద ఇతర పరిశ్రమల కార్మికులకు కనీసం 8.33 శాతం ముడుతూ ఉండగా, రైల్వే ప్రభుత్వ శాఖ గనుక ఆ ఉద్యోగులకు వర్తించదన్నారు. ఇంజను సిబ్బంది అప్పటికే 1973 మే, ఆగస్టు నెలలలో పని మానేసి, డ్యూటీని పది గంటలకు పరిమితం చేస్తామన్న హామీ సంపాదించారు. ఆ హామీ అమలు కాలేదన్నది వారి ఫిర్యాదు.

ప్రభుత్వ పక్షాన చెప్పవలసిన మాట ముందు చెప్పాలి. దేశం నలుమూలలకూ బొగ్గునూ ధాన్యాన్నీ మోసేవి ఆనాడు రైళ్లే. అవి నిలిచిపోతే విద్యుత్ కేంద్రాలు ఆగుతాయి, చౌక ధరల దుకాణాలు ఖాళీ అవుతాయి. అందుకు ముందుజాగ్రత్త తీసుకోని ప్రభుత్వాన్ని ఎవరూ క్షమించరు. కనుక సమ్మెకు ముందే అనేక ప్రయాణికుల బళ్లను రద్దు చేసి ఆ ఇంజన్లను బొగ్గు, ధాన్యం, చమురు చేరవేయడానికి మళ్లించడాన్ని తప్పు పట్టలేము. వంతెనలకూ, సిగ్నళ్లకూ కాపలా పెట్టడమూ అంతే. బళ్లు నడపడానికి ప్రాదేశిక సైన్యంలోని రైల్వే దళాలను రప్పించడం వివాదాస్పదమైనా, దానినీ సరఫరాల రక్షణ కిందనే లెక్క కట్టవచ్చు.

అయితే ఆ ప్రణాళికకు రెండవ భాగం ఉంది. మే 2 తెల్లవారుజామున సమన్వయ సంఘం కన్వీనరు జార్జి ఫెర్నాండెజ్‌ను లక్నోలో అరెస్టు చేశారు. చర్చలు తెగిపోయాయని ఆయన ప్రకటించలేదు. సమ్మెకు ఇంకా ఆరు రోజుల వ్యవధి ఉంది. అంటే చట్టం ఇచ్చిన గడువు పూర్తి కాలేదు, చట్టవిరుద్ధమైన పని ఏదీ ఇంకా జరగలేదు. అయినా దేశమంతటా ఒకేసారి సంఘ నాయకులను పట్టుకెళ్లారు. తరువాతి రోజులలో నిర్బంధితుల సంఖ్య వేలకు వేలు పెరిగింది. ఇన్ని ఊళ్లలో ఇందరిని అప్పటికప్పుడు తెల్లవారేలోగా గుర్తుపట్టడం ఏ పోలీసు శాఖకూ సాధ్యం కాదు. జాబితాలు ముందే సిద్ధమయి ఉండాలి. నేను కలిసిన పెద్దాయన మాటకు ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

ఉపయోగించిన ఆయుధాలు కూడా గమనించదగినవి. ఒకటి భారత రక్షణ నిబంధనలు, రెండవది ఆంతరంగిక భద్రతా చట్టం, అనగా మీసా. మొదటిది బంగ్లాదేశ్ యుద్ధ సందర్భంలో 1971 డిసెంబరు 3న ప్రకటించిన అత్యవసర పరిస్థితితో వచ్చింది. యుద్ధం పక్షం రోజులలోనే ముగిసింది. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం కుదిరింది. కాని అత్యవసర పరిస్థితిని ఎత్తివేయలేదు. విదేశీ దండయాత్ర నుంచి దేశాన్ని కాపాడడానికి పుట్టిన నిబంధనలు రెండున్నరేళ్ల తరువాత పాయింట్స్‌మన్‌లనూ, గ్యాంగ్‌మన్‌లనూ జైలుకు పంపాయి. మొగల్‌సరాయి వంటి చోట్ల రైల్వే కాలనీలలోకి సాయుధ దళాలు ప్రవేశించాయి. సమ్మె చేసిన వారి కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టిన సంఘటనలు ఎన్నో చోట్ల జరిగాయి. గోధుమ బస్తాలు సకాలంలో చేరడానికీ, ఒక ఫైర్‌మన్ భార్యాబిడ్డలు వీధిన పడడానికీ ఏమి సంబంధం? శాంతిభద్రతల ప్రణాళిక సమ్మెను విరగగొట్టే ప్రణాళికగా మారిన ఘట్టం ఇదే.

ఇది 1974లో ఆకస్మికంగా పుట్టిన పద్ధతి కాదు. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వోద్యోగులు సమ్మెకు దిగినప్పుడు నెహ్రూ ప్రభుత్వం అత్యవసర సర్వీసుల ఆర్డినెన్సు తెచ్చింది. సమ్మె అయిదు రోజులలో ముగిసింది. 1968 సెప్టెంబరు 19 నాటి ఒక్కరోజు సమ్మెకూ అటువంటి ఆర్డినెన్సే ఎదురయింది. ఆ రోజున పఠాన్‌కోట్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్రతిసారీ ఒక్కొక్క మెట్టు ఎక్కిన విధానం 1974 నాటికి పూర్తి రూపం ధరించింది.

తెలుగు పాఠకులు ప్రత్యేకించి జ్ఞాపకం చేసుకోవలసిన మాట మరొకటి ఉన్నది. ఆ మే నెలలో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నవారు వరాహగిరి వేంకటగిరి. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెకు స్వయంగా నాయకత్వం వహించినవారు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయినాక, బలవంతపు తీర్పుల కంటే ఇరుపక్షాలూ ముఖాముఖి కూర్చుని కుదుర్చుకునే ఒప్పందమే మేలని వాదించారు. దానికి గిరి విధానమన్న పేరే స్థిరపడింది. 1954లో బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రిబ్యునల్ నిర్ణయాన్ని ప్రభుత్వం సవరించడం నచ్చక పదవి వదులుకున్నారు. అటువంటి వ్యక్తి దేశాధినేతగా ఉన్న కాలంలోనే రైల్వే కార్మికులపై ఈ నిర్బంధకాండ సాగింది. రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు బద్ధుడు. కనుక దీనిని ఆయన నేరమనలేము. కాని ఆయన జీవితమంతా చెప్పిన విధానం కూతవేటు దూరంలోని రైల్ భవన్‌కు చేరలేదన్నది చరిత్ర.

ఫలితమేమయింది? మే 18న, అంటే సమ్మె పదకొండవ రోజున, పోఖ్రాన్‌లో అణు పరీక్ష జరిగింది. పత్రికల మొదటి పుటలు అటు మళ్లాయి. మే 27న నాయకులు ఏ ఒప్పందమూ లేకుండానే సమ్మె విరమణ ప్రకటించారు. వేలాదిమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. విధులకు వచ్చిన వారికి విశ్వాసపాత్రులన్న పేరిట అదనపు ఇంక్రిమెంట్లు లభించాయి. దానితో ఒకే షెడ్డులో, ఒకే కాలనీలో పనిచేసేవారు రెండు కులాలుగా చీలిపోయినట్లయింది. ప్రభుత్వం గెలిచిందని ఆనాడు చాలామంది రాశారు.

ఆ గెలుపు ఎంతకాలం నిలిచిందో చూడండి. పదమూడు నెలలు తిరగకుండా, 1975 జూన్ 25 రాత్రి, మళ్లీ జాబితాలు బయటికి వచ్చాయి. మళ్లీ అదే మీసా కింద, ఈసారి ప్రతిపక్ష నాయకులను తెల్లవారేలోగా పట్టుకెళ్లారు. ఒకసారి చేయి తిరిగిన పని రెండవసారి సులువు. 1977లో ప్రభుత్వం మారింది. ఉద్యోగాలు పోయిన రైల్వే కార్మికులను తిరిగి తీసుకున్నారు. 1979లో ఉత్పాదకతతో ముడిపెట్టిన బోనస్ రైల్వే ఉద్యోగులకు మంజూరయింది. లక్నోలో అరెస్టయిన ఫెర్నాండెజ్ 1989 డిసెంబరులో రైల్వే మంత్రిగా రైల్ భవన్‌లో అడుగుపెట్టారు. ఇటీవలి సంవత్సరాలలో దసరాకు ముందు కేంద్ర మంత్రివర్గం రైల్వే ఉద్యోగులకు 78 రోజుల వేతనాన్ని బోనస్‌గా ప్రకటించడం, మంత్రులు దానిని పండుగ కానుకగా చెప్పుకోవడం మనం చూస్తున్నాము. 1974లో ఖజానాను దివాలా తీయిస్తుందన్న కోరికే ఇది. ఇవ్వగలిగినదే అయినప్పుడు, ఆ 14 రోజులలో దాని గురించి చివరిదాకా ఎందుకు మాట్లాడలేదు?

పొరుగున శ్రీలంకలో ఇంతకంటే కఠినమైన ఉదాహరణ ఉంది. 1980 జూలైలో అక్కడ జరిగిన సార్వత్రిక సమ్మెను జయవర్ధనే ప్రభుత్వం అత్యవసర సర్వీసుల నిబంధనలతో ఎదుర్కొని, సుమారు 40,000 మందిని ఉద్యోగాల నుంచి తొలగించింది. కార్మికోద్యమం ఆ దెబ్బ నుంచి చాలాకాలం కోలుకోలేదు. సింహళ, తమిళ కార్మికులను ఒకే సంఘంలో కూర్చోబెట్టగలిగిన వేదికలు ఆ దేశంలో మరీ ఎక్కువేమీ లేవు. వాటిని బలహీనపరచి సాధించిన శాంతి ఎటువంటిదో 1983 జూలైలో కొలంబో వీధులు చూపాయి. ఒకటే మరొకదానికి కారణమని అనను. కాని బలమైన సంఘాలు లేని సమాజం నిశ్శబ్దంగా ఉంటుందే గాని ప్రశాంతంగా ఉంటుందని చెప్పజాలము.

ఇదంతా గతించిన కథ అనుకోవడానికి వీలు లేదు. సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1960 దశకం ఆరంభంలోనే అన్నది; 2003లో తమిళనాడు ప్రభుత్వోద్యోగుల కేసులో మరింత గట్టిగా అన్నది. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, ఒకప్పుడు ప్రజోపయోగ సర్వీసులకే పరిమితమైన 14 రోజుల నోటీసు నియమాన్ని పారిశ్రామిక సంస్థలన్నిటికీ విస్తరించింది. సగం మంది, అంతకు మించి, ఒకే రోజున కూడబలుక్కుని సెలవు పెట్టినా అది సమ్మె కిందకే వస్తుంది. రాజీ ప్రయత్నం సాగుతూ ఉండగా సమ్మె చట్టవిరుద్ధం. ఈ నియమాలు కార్మికునికి ఏ రోజు ఏమి చేయరాదో స్పష్టంగా చెబుతున్నాయి. ఆ పద్నాలుగు రోజులలో తనతో చిత్తశుద్ధితో మాట్లాడకపోతే ఎవరికి ఏ శిక్ష అన్నది మాత్రం అంత స్పష్టంగా లేదు.

కనుక మరోసారి దేశవ్యాప్త సమ్మె పిలుపు వినబడినప్పుడు, ఎన్ని పటాలాలను దించారు, ఎన్ని బస్సులు నడిపారు అన్న లెక్కలతో పాటు పాఠకులు మరొక లెక్క కూడా అడగాలి. నోటీసు అందిన తేదీ ఏది? మంత్రి సంఘాలతో కూర్చున్న తేదీలు ఏవి? మొదటి అరెస్టు జరిగిన తేదీ ఏది? ఈ మూడు తేదీలు పక్కపక్కన రాసుకుంటే, ప్రభుత్వం కాపాడదలచింది ప్రజల అవసరాలనా, తన పంతాన్నా అన్నది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

భోజనం ముగించి లేస్తూ ఆ పెద్దాయనను చివరి ప్రశ్న అడిగాను, ఇప్పుడు ఆ సమ్మె గురించి ఏమనిపిస్తుందని. ఆయన చేయి కడుక్కుని వచ్చి, కండువాతో తుడుచుకుంటూ అన్నారు: "ఓడిపోయామని బాధ లేదు బాబూ. అడిగినవి తరువాత కొన్ని వచ్చాయి. మాట్లాడుతూ ఉన్నవాడిని తెల్లవారేసరికి పట్టుకెళ్లారు చూడండీ, అది మరిచిపోలేను."