కుదురు లేని కొండచిలువ

కదలక మెదలక పడియుండి నోటి కందినదానితో తృప్తిపడువానిది అజగరవృత్తి యనుట మనలో చిరకాలపు వాడుక. ఆ మాటకు మూలమైన జంతువే రాత్రి తెల్లవార్లు పంజరమున తిరుగుచు, మూతిని అద్దమునకు రాచి పుండు చేసికొనుచు, తలుపు తెరచినంతనే నోరు తెరచి మీదికి వచ్చినచో పెంచువాడు ఏమనుకొనవలెను? అమెరికాలోను ఇంగ్లండులోను పెద్ద కొండచిలువలను ఇండ్లలో పెంచువారు తరచుగా ఎదుర్కొను చిక్కు ఇదియే. దాని స్వభావమే దుష్టమని పలువురు తీర్మానించుకొందురు. మేము దానికి ఒప్పుకొనము. తప్పు చాలవరకు దాని తిండిలోనో, దానికి కట్టిన యింటిలోనో ఉండును.

మన దేశమున ఈ చిక్కు పుట్టనే రాదు. మన అడవులలోని కొండచిలువను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రథమ షెడ్యూలులో చేర్చినది. దానిని పట్టి పెంచుట నేరము. కనుక మేమిచట చెప్పునది విదేశములలో అనుమతిగల చోట్ల పెంచు బర్మా కొండచిలువను గూర్చియు, ఒడలిపై వలవంటి చారలుగల ఆగ్నేయాసియా కొండచిలువను గూర్చియు మాత్రమే. ఈ రెండవది పాములన్నిటిలోను పొడవైనది. ఆరు మీటర్లు దాటినవియు కలవు.

మొదట తిండి సంగతి. కొండచిలువ పెదవులపై చిన్న గుంటలుండును. వెచ్చని ప్రాణి దాపునకు వచ్చినప్పుడు ఆ వేడిని అవి చీకటిలోనైనను పసిగట్టును. నాలుకను ఆడించి వాసనను గ్రహించును. కుందేలును ముట్టుకొని చేయి కడుగకయే పంజరములో చేయి పెట్టినవాని హస్తము దాని లెక్కలో వెచ్చని కుందేలే. అందులోను, తిండి పెట్టునప్పుడు మాత్రమే తలుపు తెరచు ఇంటిలో తలుపు చప్పుడే భోజనపు గంట యగును. అది కోపము కాదు, ఆకలి. దీనికి అనుభవజ్ఞులు చేయు ఉపాయము సులభమైనది. తలుపు తెరచిన వెంటనే పొడవైన ఇనుప కొక్కెముతో పాము ఒడలిని మెల్లగా తాకుదురు. ఆ స్పర్శ కలిగిన దినమున తిండి లేదు. తిండి పెట్టు దినమున ఆ స్పర్శ లేదు. కొన్ని వారములలో పాము ఈ తేడాను తెలిసికొనును.

చిన్న చిన్న ఎలుకలను తరచుగా వేయుట మరియొక పొరపాటు. అట్టి తిండి దాని కడుపు నింపదు సరిగదా, ఎల్లప్పుడు వేటకు పొంచియుండునట్లు చేయును. ఒడలిలో మిక్కిలి లావైన చోటికి ఇంచుమించు సరిపోవు ఆహారమును, ఎదిగిన పామునకు మూడు నాలుగు వారముల కొకసారి ఇచ్చుట మేలు. బ్రతికియున్న ఎలుకను వేయరాదు. అది పామునే కరచి గాయపరచును. చల్లబరచి నిలువచేసిన దానిని పూర్తిగా వెచ్చచేసి, పొడవైన పటకారుతో అందింపవలెను.

ఒక్క భోజనము దాని దేహమున ఎంత మార్పు తెచ్చునో వినిన ఆశ్చర్యము కలుగక మానదు. బర్మా కొండచిలువ పెద్ద ఆహారమును మ్రింగిన తరువాత రెండు దినములలోనే దాని గుండె కండ సుమారు 40 శాతము పెరుగునని 2005లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది. ప్రేగులు, కాలేయము కూడ పెరిగి, జీర్ణమైన పిదప మరల తగ్గును. ఇంత పని లోపల జరుగుచుండగా దానిని చేతిలోనికి తీసికొన్నచో మ్రింగినది కక్కివేయును. కనీసము రెండు మూడు దినములు ముట్టకుండుట అవసరము. అట్లని, తిరుగుచున్నదిగదా యని మరల మరల మేపుటయు తగదు. క్రొవ్వు పట్టి రోగము వచ్చును. తగిన భోజనము పెట్టినను తిరుగుట మానకున్నచో కారణము ఆకలి కాదు.

అప్పుడు ఇంటిని చూడవలెను. పాము తన దేహపు వేడిని తాను పుట్టించుకొనలేదు. వెచ్చని చోటికో చల్లని చోటికో ప్రాకి సరిచేసికొనును. కావున పంజరమున ఒక కొన 32 డిగ్రీల సెంటిగ్రేడు, రెండవ కొన 26 డిగ్రీలు ఉండవలెను. ఇరు కొనలను రెండు ఉష్ణమాపకములు ఉంచవలెను. చేతితో తాకి చూచి అంచనా వేయుట పనికిరాదు. అంతటను ఒకే వేడి యున్నచో పాము లేని చల్లదనమునకై వెదకుచు తిరుగును, లేదా నీటి తొట్టిలోనే పడియుండును. తొట్టిలో నల్లని నలుసులవంటివి తేలుచున్నచో అవి పొలుసుల క్రింద చేరి రక్తము పీల్చు పురుగులు కావచ్చును, పశువైద్యునికి చూపవలెను.

దాగుటకు చోటు లేకపోవుట అన్నిటికంటె పెద్ద లోపమని మా అభిప్రాయము. అద్దాల మేడవంటి పంజరము కట్టి, అందు ఒక్క చీకటి మూలనైన ఉంచని వారెందరో! ఒడలు చుట్టుకొన్నప్పుడు ప్రక్కలు తగులునంత ఇరుకైన పెట్టెలు రెండు, వెచ్చని కొన నొకటి, చల్లని కొన నొకటి ఉంచవలెను. మూడువైపుల అద్దమును కప్పివేయవలెను. పెట్టె ఇరుకుగా నుండవలెను గాని పంజరము ఇరుకు కారాదు; పాము నిడుపుగా చాచుకొనునంత చోటుండుట మంచిది. ఈ మార్పులన్నియు ఒక్క దినముననే చేసినచో పాము మరింత బెదరును. ఒకటి చేసి, ఒకటి రెండు వారములు చూచి, తరువాత రెండవది చేయవలెను. కుబుసము విడుచుటకు ముందు కన్నులు పాలవలె తెల్లబారినప్పుడు దానికి చూపు మందగించును. అప్పుడేమియు చేయక వదలివేయుట ఉత్తమము. చలికాలమున జోడు కొరకు తిరుగు మగపామును ఏ తిండియు ఆపలేదు.

రెండున్నర మీటర్లు దాటిన పామును ఒంటరిగా పట్టుకొనరాదు. తిండి పెట్టునప్పుడును రెండవ మనిషి దగ్గర నుండవలెను. అరణ్యపర్వమున భీముని పట్టిన నహుషుడు ధర్మరాజు సమాధానములకు సంతసించి విడిచిపెట్టెను. ఈ పాము ప్రశ్నలు వేయదు. చుట్టుకొన్నచో తోకవైపు నుండి ఒక్కొక్క చుట్టు విప్పవలసినదే.

విసిగి వదలివేసినవారి కథ ఫ్లారిడాలో చూడవచ్చును. పెంపుడు పాములుగా వచ్చిన బర్మా కొండచిలువలు అచటి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలలో స్థిరపడి సంతానము కనుచున్నవని 2000 నాటికి గుర్తించిరి. పాములు చిరకాలముగా నున్న చోట్ల రాకూన్లు కనబడుట 99 శాతము తగ్గినదని 2012లో వెలువడిన పరిశోధన తెలిపినది. ఆ సంవత్సరమే అమెరికా వాటి దిగుమతిని నిషేధించినది. 2017లో తమిళనాటి ఇరుళజాతి పాములవారిరువురు అచటికి వెళ్లి వాటిని పట్టుటలో తోడ్పడిరి.

ఇన్ని మార్పులు చేసిన పిదపను ప్రొద్దుగ్రుంకిన తరువాత పాము గూటినుండి వచ్చి, నాలుకను తీరికగా ఆడించుచు పంజరమంతయు ఒకసారి చుట్టి, కొంతసేపటికి మరల గూటికి చేరును. అది రాత్రివేళ తిరుగు ప్రాణి. దానికై బెంగపడి తిండి పెట్టనక్కరలేదు.