వెనక ఎవరున్నారో తెలుసా?

ఫ్రాంచెస్కో పజియెంజా పేరు ఒడిశాలోని మా రాయగడలో ఎవరూ విని ఉండరు. నేను కూడా షాపుల లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేసి బతికేవాణ్ణి. గూఢచారులంటే సినిమాల్లో చూడటమే. ఈ ఇటలీ పెద్దమనిషి కథ మీద నాకు ధ్యాస పడింది గూఢచర్యం చూసి కాదు, అందులో ఉన్న లెక్కల మాయ చూసి.

పజియెంజా డాక్టరు చదువు చదివాడు. పలు భాషలు మాట్లాడేవాడు, పెద్దవాళ్ల పక్కన కూర్చోవడం తెలిసినవాడు. 1980 ప్రాంతంలో ఇటలీ సైనిక గూఢచారి సంస్థ సిస్మికి జనరల్ జుసెప్పె సాంతోవీతో అధిపతి. ఆయన ఇతన్ని సలహాదారుగా తెచ్చుకున్నాడు. ఉద్యోగి కాదు, సలహాదారు. అంటే హాజరు పట్టీలో పేరుండదు గానీ తలుపులన్నీ తెరుచుకుంటాయి.

1980 ఆగస్టు 2న బొలోన్యా రైల్వే స్టేషనులో బాంబు పేలి 85 మంది చనిపోయారు. చేసినవాళ్లను వెతకాల్సిన గూఢచారి సంస్థలోనే కొందరు దారి మళ్లించే పనికి దిగారు. 1981 జనవరిలో తారాంతో నుంచి మిలాన్ వెళ్లే రైల్లో ఒక సూట్‌కేసు దొరికింది. అందులో పేలుడు పదార్థాలు, తుపాకీ, విదేశీయుల పేర్ల మీద విమానం టిక్కెట్లు ఉన్నాయి. దర్యాప్తు పరాయి దేశాల వైపు పరుగెత్తాలని సిస్మి మనుషులే పెట్టించిన సూట్‌కేసు అది. ఆ కేసులో పజియెంజాకు పడిన పదేళ్ల శిక్షను 1995లో ఇటలీ అత్యున్నత న్యాయస్థానం ఖాయం చేసింది.

దానికి చాలా ముందే అతను సిస్మి వదిలి బాంకో అంబ్రోసియానో అధినేత రొబెర్తో కాల్వి దగ్గర చేరాడు. ఇక్కడా సలహాదారే. కాల్వి పద్ధతి ఇది: బహామాస్ దీవుల్లోని నసావులో, పనామాలో పేరుకి కంపెనీలు పెట్టించి, తన బ్యాంకు సొమ్మునే వాటికి అప్పుగా ఇప్పించేవాడు. ఆ కంపెనీలు అదే డబ్బుతో తన బ్యాంకు షేర్లు కొనేవి. పుస్తకంలో అప్పు ఆస్తిగా కనిపిస్తుంది, షేరు ధరా నిలబడుతుంది. తీర్చేవాడు మాత్రం ఎక్కడా లేడు. 1982లో బ్యాంకు కూలిపోయేసరికి తేలిన లోటు సుమారు 130 కోట్ల డాలర్లు. జూన్ 18న కాల్వి శవం లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కింద వేలాడుతూ కనిపించింది.

ఈ బ్యాంకు కేసులో వారంటు వెంటపడితే పజియెంజా చేరిన చోటు సీషెల్స్. హిందూ మహాసముద్రంలో చిన్న దీవుల గుంపు. జనం అప్పట్లో లక్ష కూడా లేరు. 1976లో స్వాతంత్ర్యం వచ్చింది. ఏడాది తిరక్కుండానే ఫ్రాన్స్ ఆల్బర్ట్ రెనే తిరుగుబాటు చేసి గద్దెనెక్కాడు. 1981 నవంబరులో ఆయన్ని దించడానికి మైక్ హోర్ అనే కిరాయి సైనికుడు పర్యాటకుల వేషంలో మనుషుల్ని దింపాడు. సంచుల్లో పైన బొమ్మలు, అడుగున తుపాకులు. విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లకు ఒక తుపాకీ దొరకడంతో గుట్టు రట్టయింది. వాళ్లు తప్పించుకోవడానికి ఎక్కిన విమానం ఏదో తెలుసా? బొంబాయి వెళ్లాల్సిన మన ఎయిరిండియా! దాన్ని హైజాక్ చేసి దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కి పట్టుకుపోయారు.

ఇంత గండం గడిచిన పాలకుడికి రెండే దిగుళ్లు. శత్రువులు ఏం మాట్లాడుకుంటున్నారో తెలియాలి, డబ్బు రావాలి. రెండూ తీర్చగల మనిషి అక్కడ ముందే ఉన్నాడు. జొవన్నీ మారియో రిచ్చి, ఇతనూ ఇటలీవాడే. స్వదేశంలో మోసం కేసులో శిక్ష పడ్డవాడు. 1978లో పెట్టిన సీషెల్స్ ట్రస్ట్ కంపెనీ ఇతనిది. విదేశీయుల కోసం ఆ దేశంలో కంపెనీలు రిజిస్టరు చేసే హక్కు ఆ ఒక్క కంపెనీకే ఉండేది. మనలాంటి వాడు రాయగడలో చిన్న ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకోవాలంటే పాన్, ఆధార్, కరెంటు బిల్లు, ఇంటి ఓనరు సంతకం అన్నీ కావాలి. కరెంటు బిల్లులో ఇంటిపేరు ఒక అక్షరం తేడా వస్తే ఫైలు తిరిగొస్తుంది. ఇలాంటి దీవి కంపెనీకి అప్పట్లో అసలు యజమాని ఎవరో బయట చెప్పనక్కర్లేదు, అక్కడ వ్యాపారం చెయ్యనక్కర్లేదు, ఏటా రుసుము కడితే సరిపోయేది.

రిచ్చి అంతటితో ఆగలేదు. కాప్టిక్ కేథలిక్ నైట్స్ ఆఫ్ మాల్టా అనే ఒక సంస్థ తరఫున సీషెల్స్‌కి రాయబారిగా నియామకం తెచ్చుకున్నాడు. ఆ సంస్థకి నేలా లేదు, ప్రజలూ లేరు. అయినా దౌత్య పాస్‌పోర్టు, తనిఖీ లేని దౌత్య సంచీ వచ్చాయి. ఈ ఎత్తు చదివినప్పుడు, తప్పని తెలిసినా, నాకు కాస్త ముచ్చటేసింది.

1984లో పజియెంజా తలదాచుకున్నది ఈ రిచ్చి నీడలోనే. అయితే ఆ నీడ ఎంతో కాలం నిలవలేదు. 1985 మార్చిలో న్యూయార్క్‌లో దొరికిపోయాడు, మరుసటి ఏడాది ఇటలీకి అప్పగించారు. ఖాళీ అయిన కుర్చీలోకి ఇంకో గూఢచారి రానే వచ్చాడు. దక్షిణాఫ్రికా జాత్యహంకార ప్రభుత్వానికి పనిచేసిన క్రెయిగ్ విలియమ్సన్ 1986లో రిచ్చి కంపెనీ జీఎంఆర్‌లో పెద్ద హోదాలో చేరాడు. (మన గ్రంధి మల్లికార్జునరావు గారి జీఎంఆర్ కాదు. ఇది జొవన్నీ మారియో రిచ్చి పొడి అక్షరాలు.) 1982లో మొజాంబిక్‌లోని మపూటోలో రూత్ ఫస్ట్ అనే ఉద్యమకారిణిని పొట్లం బాంబుతో చంపిన కుట్రలో తన పాత్ర ఉందని ఇతను తర్వాత దక్షిణాఫ్రికా సత్య కమిషన్ ముందు ఒప్పుకున్నాడు.

ఇంతకీ వీళ్లు అమ్మిన సరుకేమిటి? రహస్యాలని చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. మా మేనమామ సునాబెడ హాల్ ఫ్యాక్టరీలో ఫిట్టరు. కొరాపుట్ కొండల మీద మిగ్ విమానాల ఇంజన్లు తయారు చేసే చోటు. "ఏం చేస్తావు మావయ్యా అక్కడ?" అంటే "బోల్టులు బిగిస్తానురా" అనేవాడు. రిటైరయ్యాక కూడా అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. నిజంగా రహస్యం చేతిలో ఉన్నవాడి దగ్గర అమ్మకానికేమీ ఉండదు. పజియెంజా అమ్మింది 'నా వెనక జనరల్ ఉన్నాడు' అన్న గుసగుసని. ఆ గుసగుసకి బ్యాంకరు డబ్బిచ్చాడు, దీవి ఆశ్రయమిచ్చింది.

అదే సరుకు మా బజారులోనూ అమ్ముడుపోయింది. పదేళ్ల పైమాట. ఓ స్వీటు షాపు మీద మేడ గదిలో ఒక కంపెనీ ఆఫీసు వెలిసింది. పేరు అనవసరం. ఏజెంటు మా వీధివాడే. గుణుపురం, జేపూరు, కాశీపూర్ దాకా తిరిగి డిపాజిట్లు కట్టించాడు. "వెనక ఎవరున్నారో తెలుసా పిన్నీ? పేరు చెప్పకూడదు" అనేవాడట. ఆ చెప్పకూడని పేరుకే మా పిన్ని పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం అమ్మిన డబ్బు ఇచ్చింది. బాండు నేను చూశాను. మందమైన కాగితం, బంగారు అంచు, గుండ్రటి ముద్ర. ముద్రలో రిజిస్ట్రేషను నంబరు ఉండాల్సిన చోట పువ్వు బొమ్మ ఉంది.

ఇలాంటి వసూళ్లలో సరిహద్దు చేసే పని తక్కువది కాదు. రాయగడ నుంచి పార్వతీపురం బస్సెక్కితే కూనేరు దగ్గరికొచ్చేసరికి ఆంధ్ర. మనిషి ఒక రాష్ట్రంలో, డబ్బు ఒక రాష్ట్రంలో, పోలీసు ఫైలు ఇంకో రాష్ట్రంలో. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ కేసే తీసుకోండి. ఒడిశాతో సహా చాలా రాష్ట్రాల్లో 32 లక్షల మంది నుంచి 6,380 కోట్లు వసూలైందని ఈడీ లెక్క. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10 వేల లోపు, 2021లో 20 వేల లోపు కట్టినవాళ్లకి చెల్లింపులు చేసింది. అది ఆ రాష్ట్రం తన ప్రజలకి తన ఖజానాలోంచి ఇచ్చిన సొమ్ము. కూనేరుకి ఇవతల ఉన్నవాళ్లకి ఆ జాబితాతో పని లేదు.

సీషెల్స్ అయితే 'వెనక ఎవరో ఉన్నారు' అన్న ఈ గుసగుసని చట్టంగానే రాసేసింది. 1995లో వచ్చిన ఆర్థికాభివృద్ధి చట్టం ప్రకారం కోటి డాలర్లు పెట్టుబడి తెచ్చినవాడికి నేర విచారణ నుంచి రక్షణ. దొంగ సొమ్ము మీద నిఘా పెట్టే అంతర్జాతీయ బృందం ఎఫ్ఏటీఎఫ్ 1996లో దీన్ని బాహాటంగా తప్పుపట్టింది. 2000లో ఆ చట్టం రద్దయింది.

మన దగ్గర 2019 నుంచి అనుమతి లేని డిపాజిట్లు వసూలు చెయ్యడమే నేరం. డబ్బు ఎగ్గొట్టేదాకా ఆగక్కర్లేదు. ఏజెంటు వస్తే ఈ సంగతి గుర్తు చేసి, రిజర్వు బ్యాంకుదో సెబీదో అనుమతి కాగితం అడగండి. మొన్న మా వీధివాడు మళ్లీ వచ్చాడు, ఈసారి క్రిప్టో అంటూ. హెడ్డాఫీసు ఎక్కడన్నాను. దుబాయ్ అన్నాడు. జీఎస్టీ నంబరు పంపు, చూస్తానన్నాను. ఇంకా పంపలేదు. పిన్నికి మాత్రం ఫోన్ చేశాడట.