ఆటోస్టార్టరు సుఖం.. ట్రాన్స్‌ఫార్మరుకు గండం

వరి పొట్ట మీదున్నప్పుడు ట్రాన్స్‌ఫార్మరు కాలితే ఏమవుతుందో చిన్న రైతుకు వేరే చెప్పనక్కర్లేదు. కొత్తది బిగించేలోగా మడి నెర్రెలు విచ్చుతుంది. చివరికి తాలు గింజలే మిగులుతాయి. సరఫరాలో లోపాలు లేవని కాదు గానీ, మన బోర్ల దగ్గరున్న ఆటోస్టార్టర్లకూ ఈ నష్టంలో వాటా ఉంది.

ఇవి ఊరికే రాలేదు. కరెంటు విడతలుగా, అర్ధరాత్రి అపరాత్రి వచ్చిన రోజుల్లో, పురుగూ పుట్రా మధ్య చీకట్లో పొలానికి పోలేక రైతులు పెట్టుకున్నారు.

చిక్కల్లా కరెంటు వచ్చిన క్షణంలోనే. 5 హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు 7, 8 ఆంపియర్లు తీసుకుంటుంది. మొదలయ్యే కొద్ది సెకన్లలో మాత్రం అయిదారు రెట్లు గుంజుతుంది. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మరు మోయగలిగింది సుమారు 35 ఆంపియర్లే. అంటే ఇలాంటి మోటార్లు నాలుగైదుకు మించకూడదు. ఆ నాలుగైదూ ఒక్కసారే లేస్తే భారం రెండొందల ఆంపియర్ల దాకా పోతుంది. వోల్టేజీ పడిపోతుంది. మోటారు వేగం అందుకోలేక మూలుగుతుంది, వైండింగ్ కాలుతుంది. ఫ్యూజు పోతుందని లావు తీగ కడితే దెబ్బ నేరుగా ట్రాన్స్‌ఫార్మరు మీదే పడుతుంది.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుపెట్టినప్పుడు, ఆటోస్టార్టర్లు తీసేయాలని ఊరూరా చెప్పారు. నీరు అక్కర్లేకున్నా మోటారు తిరిగి బోరు వట్టిపోతుందన్నది మరో కారణం.

రైతులు చేయదగినవి:

* ఒక్కరు తీసేస్తే లాభం లేదు. ఒకే ట్రాన్స్‌ఫార్మరు కింది రైతులంతా కూర్చుని మాట్లాడుకోవాలి. కరెంటు వచ్చాక ఒకరి తర్వాత ఒకరు మోటారు వేసుకోవాలి.

* 3 హెచ్‌పీ మోటారుకు 1 కేవీఏఆర్, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ కెపాసిటర్ బిగించుకోవాలి. లైను మీద భారం తగ్గి వోల్టేజీ మెరుగవుతుంది.

* స్టార్టరు పెట్టెకు ఎర్తింగ్ తప్పనిసరి. తడి చేతులతో, తడి కాళ్లతో పెట్టెను ముట్టుకోవద్దు.

* ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను పిలవండి. ఎంత ఆలస్యమైనా సరే, ట్రాన్స్‌ఫార్మరు గద్దె ఎక్కొద్దు. ఎండిన మడికి రేపైనా నీరు పెట్టుకోవచ్చు, పోయిన ప్రాణం తిరిగిరాదు.

చెరువు నీటికి వంతులు పెట్టుకుని పంటలు పండించుకున్న ఊళ్లు మనవి. కరెంటుకూ అదే కట్టుబాటు పెట్టుకుంటే మోటారూ నిలుస్తుంది, పంటా నిలుస్తుంది.