హైదరాబాదు చిత్రశాలల పేర్లు: నారాయణగూడ, చిక్కడపల్లి ప్రాంతముల పరిశీలనము

హైదరాబాదు నగరమునకు వచ్చి ఇచటి చలనచిత్ర వారసత్వమును చూడగోరు యాత్రికుడు సామాన్యముగా నగరము వెలుపల నున్న రామోజీ ఫిల్ము సిటీకి పోవును. 1996లో నెలకొని, 1,666 ఎకరముల మేర వ్యాపించి, ప్రపంచమున మిక్కిలి పెద్దదగు చిత్రనిర్మాణ ప్రాంగణముగా గిన్నిస్ గ్రంథమున కెక్కిన ఆ స్థలము చూడదగినదే. కాని ఒక నగరమునకు చలనచిత్రముతో గల సంబంధము చిత్రములు తీయబడిన చోటనే గాక, అవి చూడబడిన చోటను నిలిచియుండును. హైదరాబాదు విషయమున ఈ రెండవ జాడయే తెగక సాగినది. ఆ జాడ నారాయణగూడ, చిక్కడపల్లి, ఆర్.టి.సి. చౌరస్తాల దారిలో, చిత్రశాలల పేర్లయందును, ప్రేక్షకుల వాడుక మాటలయందును, నేటికిని చదువదగి యున్నది. దానిని భాషాదృష్టితో పరిశీలించుట ఈ వ్యాసోద్దేశము.

1. నిర్మాణము, ప్రదర్శనము

హైదరాబాదులో చిత్రనిర్మాణమునకు తొలి ప్రయత్నము మూకీల కాలమున జరిగినది. నిజాము ప్రభుత్వపు చిత్రకళా పాఠశాలకు అధ్యక్షుడుగా నుండిన వంగీయుడు ధీరేంద్రనాథ్ గంగూలీ 1922లో ఇచట లోటస్ ఫిల్ము కంపెనీని స్థాపించి, నిజాము ఆదరణమున చిత్రములు నిర్మించెను. ప్రదర్శనశాలలను గూడ నడపెను. 1924లో ఆయన ‘రజియా బేగం’ అను బొంబాయి చిత్రమును ప్రదర్శించెను. ఒక ముస్లిము రాణి హిందువును ప్రేమించినట్లు అందు చూపబడుటచే నిజామునకు ఆగ్రహము కలిగి, గంగూలీ నగరమును విడువవలసి వచ్చెను. ఆయన కలకత్తాకు మరలి పోయి చిత్రరంగముననే కొనసాగి, 1975వ సంవత్సరపు దాదాసాహెబు ఫాల్కే పురస్కారమునకు పాత్రుడయ్యెను.

ఇందు గమనింపదగిన విషయ మొకటి కలదు. గంగూలీ వెడలగొట్టబడినది ఒక చిత్రమును తీసినందుకు గాదు, చూపినందుకు. చలనచిత్రము సమాజమున పనిచేయునది తెరమీదికి వచ్చిన తరువాతనే యని పాలకు లెరుగుదురు. నిర్మాణ చరిత్రతో సమముగా ప్రదర్శన చరిత్రను పరిశోధింపవలె ననుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

తదుపరి తెలుగు చిత్రనిర్మాణమునకు మదరాసు కేంద్రమయ్యెను. చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాదు ప్రోత్సాహమున అమీరుపేటలో సారథీ స్టూడియో వెలసినది. పూర్తిగా హైదరాబాదులోనే నిర్మింపబడిన తొలి తెలుగు చిత్రముగా పేర్కొనబడు ‘మా ఇంటి మహాలక్ష్మి’ 1959లో అచట తయారైనది. 1976లో అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమైన పిదప పరిశ్రమ క్రమముగా ఇచటికి తరలెను. నిర్మాణమునకు ఇట్లు దీర్ఘమైన విరామము కలిగినను, నగరమున ఆటలు మాత్రము ఆగలేదు.

2. పేర్లలోని పొరలు

నగరమందలి చిత్రశాలల పేర్లను వరుసగ నుంచి చూచినచో నాలుగు పొరలు స్పష్టముగ గోచరించును.

మొదటి పొర ఉర్దూ పారశీకముల సంప్రదాయము. జమ్రుద్ మహల్, మోతీ మహల్, దిల్షాద్ వంటివి ఈ తెగకు జెందినవి. జమ్రుద్ అనగా మరకతము, మోతీ అనగా ముత్యము. మహల్ శబ్దము అరబ్బీనుండి వచ్చినది. రాజప్రాసాదములకు పెట్టదగిన పేరు సామాన్యుడు కొద్దిపాటి రుసుముతో ప్రవేశింపగల భవనమునకు సంక్రమించినది. నారాయణగూడలోని దీపక్ మహల్ పేరు ఈ సంప్రదాయమునకు జెందియు, సంస్కృత పూర్వపదము గలిగిన మిశ్రసమాసము.

రెండవ పొర ఆంగ్లము. రాయల్, సెలెక్ట్, ప్లాజా, లిబర్టీ, ఓడియన్, పారడైజు అను పేర్లు ఇట్టివి. వీనిలో కొన్ని ఐరోపా నగరములందలి రంగశాలల పేర్ల కనుకరణములు. ఓడియన్ అను పదము ప్రాచీన గ్రీకుల గానశాలకు పేరు.

మూడవ పొర సంస్కృత తెలుగు నామములది. ఆర్.టి.సి. చౌరస్తాలోని దేవి, సంధ్య, సుదర్శన్, సప్తగిరి, నారాయణగూడలోని శాంతి ఈ కోవలోనివి. సప్తగిరి యనగా తిరుమల కొండ లేడును స్ఫురించును. సుదర్శన శబ్దము విష్ణుచక్రమును దెలుపుటతో పాటు చక్కని దర్శనమను అర్థము నిచ్చుటచే చిత్రశాలకు శ్లేషగా అమరినది. అయినను అది సుదర్శనము కాక సుదర్శన్ అని హలంతముగా వ్యవహృతమగుచున్నది. తెలుగు ప్రత్యయమును విడిచి హిందుస్థానీ పోకడను గ్రహించిన ఈ రూపము, నగరమున భాషలు కలసి బ్రదుకుటకు చిన్న సాక్ష్యము.

నాలుగవ పొర నటుల పేర్లు. కాచిగూడలోని తారకరామ నందమూరి తారకరామారావు పేరును ధరించినది. నేటి బహుళ చిత్రశాలలు పేరును గూడ కుదించి అక్షరములు మాత్రము మిగిల్చినవి. 2018లో గచ్చిబౌలిలో వెలసిన ఎ.ఎం.బి., 2023లో అమీరుపేటలో పూర్వపు సత్యం చిత్రశాల యున్న తావున వెలసిన ఎ.ఎ.ఎ. అట్టివి, వీనిలో సంస్థ పేరును, నటుని పేరును పొడియక్షరములుగా చేరినవి. రాజమందిరమునుండి దేవతకు, దేవతనుండి కథానాయకునకు సాగిన ఈ నామపరిణామము, ప్రేక్షకుని గౌరవము ఎవరివైపు మరలుచు వచ్చినదో తెలుపుచున్నది.

3. ప్రేక్షకుల మాటలు

చిత్రశాలలతో పాటు పెరిగిన వాడుక భాష మరియొక సంపద. ‘టాకీ’ యనగా మొదట మాటలు గల చిత్రము. 1932లో ‘భక్త ప్రహ్లాద’ విడుదలైనపుడు ఆ పదమునకు అర్థమదియే. క్రమముగా అది బహువచన రూపమున ‘టాకీసు’ అయి, చిత్రమును విడిచి చిత్రమును చూపు భవనమునకు వాచక మయ్యెను. అర్థవిపరిణామమునకు ఇది చక్కని ఉదాహరణము.

అన్యదేశ్యములు ఇట్లు మారుచుండగా, క్రొత్త కళకు తెలుగువారు తమ పాత మాటలను గూడ ఇచ్చిరి. ప్రదర్శనము ‘ఆట’, అందు మొదటి ఆట, రెండవ ఆట యని భేదము. చిత్రము ‘బొమ్మ’, బొమ్మ పడుట యనగా ప్రదర్శనము మొదలగుట. ఆట, బొమ్మ, తెర అను మూడు మాటలును తోలుబొమ్మలాటలో నున్నవే. యంత్రము విదేశమునుండి వచ్చినను, దానిని చూచిన కన్ను ఈ దేశపు పాత కన్నే యని ఈ పదములు చాటుచున్నవి. ‘నేల’, ‘బెంచీ’, ‘కుర్చీ’, ‘బాల్కనీ’ అను తరగతుల పేర్లలో ఆనాటి సాంఘిక వ్యవస్థ యంతయు ఇమిడియున్నది.

‘70 ఎం.ఎం.’ అను గుర్తు మరింత విచిత్రము. అది ఫిల్ము వెడల్పును దెలుపు కొలత. తెలుగున తొలి 70 ఎం.ఎం. చిత్రము 1986 నాటి ‘సింహాసనం’. సంధ్య, దేవి మొదలగు వాని విషయమున ఈ కొలత పేరులో భాగమై పోయినది. నేడు ఫిల్ము చుట్టలు పోయి డిజిటలు ప్రదర్శనము వచ్చినను, ఆ సంఖ్య బిరుదువలె నిలిచియున్నది.

4. నేటి స్థితి, చేయదగిన పని

ఈ ప్రాంతమును చూచుట సులభము. 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైన మెట్రో మార్గమున ఆర్.టి.సి. చౌరస్తా, చిక్కడపల్లి, నారాయణగూడ వరుసగ మూడు నిలయములు. పెద్ద చిత్రము విడుదలయగు నాడు ఇచట నిలువెత్తు చిత్రపటములకు పూలదండలు, పాలాభిషేకములు, హారతులు జరుగుచుండును. ఈ ఉత్సాహమునకు వేరొక ముఖము గూడ కలదు. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి ‘పుష్ప 2’ ముందస్తు ప్రదర్శన సందర్భమున సంధ్య చిత్రశాలవద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక మహిళ మరణించెను. ఆమె కుమారుడు తీవ్రముగ గాయపడెను. వారసత్వమును వర్ణించువారు ఈ సంగతిని విడిచి ఉత్సవమును మాత్రమే వ్రాయుట న్యాయము కాదు.

మరియొక వంక కట్టడములు తరుగుచున్నవి. సుదర్శన్ జంటశాలలలో 70 ఎం.ఎం. శాల కూల్చబడి, 35 ఎం.ఎం. శాల మిగిలినది. ఓడియన్ స్థానమున అదే పేరుతో వ్యాపార సముదాయము లేచినది. హిమాయత్‌నగరులోని లిబర్టీ శాల లేకున్నను చౌరస్తాకు దాని పేరే. సికిందరాబాదు పారడైజు చిత్రశాలలో 1953లో చిన్న ఫలహారశాలగా మొదలైన వ్యాపారము ఆ పేరును దేశమంతట వ్యాపింపజేసినది. కాని అది యొక చిత్రశాల పేరని తెలిసినవారు నేడు తక్కువ. కట్టడము పోయిన పిదప పేరు కొంతకాలము నిలుచును. పేరునకు కారణము మరువబడిన పిదప అది అర్థములేని ధ్వనియై మిగులును. మన దేశపు మూకీ చిత్రములలో అధికభాగము నశించినవి. చిత్రశాలల చరిత్రకు ఆ గతి పట్టకుండుటకు ఇంకను సమయము కలదు.

దీనికి సామగ్రి చేరువనే యున్నది. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయమున అశోకనగరపు పోటీపరీక్షల విద్యార్థులు నిత్యము కిటకిటలాడుచుందురు. సమీపమున బాగులింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రము కలదు. ‘రూపవాణి’, ‘విజయచిత్ర’, ‘జ్యోతిచిత్ర’, ‘సితార’ వంటి పత్రికల సంచికలయందు ప్రకటనలను వెదకినచో, ఏ శాలలో ఏ చిత్రము ఎన్ని దినములు ఆడెనో తెలియును. చిత్రశాలల వాకిట అమ్మబడిన పాటల పుస్తకములు వాఙ్మయ పరిశోధకులకు ప్రత్యేకముగ ఉపకరించును. కథను సగముననే ఆపి, మిగిలినది వెండితెరపై చూడుమని పాఠకుని పురికొల్పు వాని కథాసంగ్రహములు ఒక ప్రత్యేక గద్యరీతికి మాదిరులు.

అన్నింటికంటె త్వరపడి సేకరింపవలసినది మౌఖిక సామగ్రి. ఫిల్ము చుట్టలతో యంత్రము నడపినవారు, టిక్కెట్లు చింపినవారు, గోడపత్రికలు అతికించినవారు వృద్ధులగుచున్నారు. వారి వృత్తిపదములు ఏ నిఘంటువునను సమగ్రముగ చేరలేదు. వృత్తిపదకోశములను కూర్చుట తెలుగుశాఖల కలవాటైన పనియే. వ్యవసాయమునకును చేనేతకును జరిగిన కృషి చలనచిత్ర ప్రదర్శన వృత్తికిని జరుగవలెను. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క చిత్రశాలను గైకొని, దాని పేరు, స్థలము, ఆరంభ విరామముల సంవత్సరములు, అచట పనిచేసినవారి మాటలు వ్రాసియుంచినచో, నగరమునకు వచ్చు యాత్రికునకు నిజమైన మార్గదర్శిని లభించును. భాషాచరిత్రకును ఒక క్రొత్త ప్రకరణము చేరును.