డాక్టర్లకు, వారి గురువులకు పురస్కారం: ఎందుకు ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి?

రామనగుడ, గుణుపూరు, రాయగడ, కొరాపుట్ ప్రాంతాల తెలుగు కుటుంబాలకు:

మొన్న కార్యవర్గ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన కుటుంబాల నుంచి వైద్యవిద్య చదివి మంచి పేరు తెచ్చుకున్నవారిని, వైద్య కళాశాలల్లో పాఠాలు చెప్పిన మనవారిని ఏటా ఉగాది నాడు సంఘం తరఫున సత్కరించాలన్నది ఆ ప్రతిపాదన. కొందరు వెంటనే సరే అన్నారు. మరికొందరు, "శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో దిగితే ఎవరికి లాభం? ఆ డబ్బుతో ఇద్దరు పిల్లలకు పుస్తకాలు కొనొచ్చు కదా" అన్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. మెడికల్ కాలేజీలు, వాటి పూర్వ విద్యార్థుల సంఘాలు ఇలాంటి పురస్కారాలు ఎందుకిస్తాయో తెలిస్తే మనం ఏం చేయాలో కూడా తేలుతుంది. అందుకే కార్యదర్శిగా నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను.

విశాఖతో మన పాత బంధం

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడేవరకు మన ప్రాంతం మద్రాసు రాజధానిలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది. ఆ తర్వాత కొరాపుట్ జిల్లా అయింది. 1992 అక్టోబర్ 2న రాయగడ వేరు జిల్లా అయింది. పటంలో గీతలు మారినా, పెద్ద జబ్బు చేస్తే రైలెక్కి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి పరుగెత్తడం మన ఇళ్లలో మారలేదు.

ఆ ఆసుపత్రికి ఆనుకుని ఉన్న ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ కెప్టెన్ ఎఫ్.జె. ఆండర్సన్. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చాక ఈ కళాశాల దాని పరిధిలోకి వచ్చింది. ఆ విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు విరాళమిచ్చి నిలబెట్టినవారు మన జయపురం మహారాజా విక్రమదేవ్ వర్మ. అక్కడి సైన్స్ కళాశాలకు ఆయన పేరే పెట్టారు. కాబట్టి తెలుగువారి చదువులో మన కొండ ప్రాంతం సొమ్ము కూడా ఉందని మన పిల్లలకు ధైర్యంగా చెప్పవచ్చు.

కాలేజీలు ఎవరిని, ఎలా గౌరవిస్తాయి?

మెడికల్ కాలేజీల్లో ఈ గౌరవాలు సాధారణంగా మూడు రకాలు. మొదటిది విశిష్ట పూర్వ విద్యార్థి పురస్కారం. ఆ కాలేజీలో చదివి వైద్యంలోనో, పరిశోధనలోనో, ప్రజాసేవలోనో గొప్ప పని చేసినవారికి దీన్ని ఇస్తారు. రెండవది అధ్యాపకులకిచ్చేది. మూడవది గురువు పేరిట శాశ్వతంగా పెట్టే బంగారు పతకం లేదా స్మారక ఉపన్యాసం. శిష్యులు కొంత సొమ్ము పోగుచేసి బ్యాంకులో డిపాజిట్ చేస్తారు. అసలు ముట్టుకోరు. వచ్చే వడ్డీతో ఏటా ఆ సబ్జెక్టులో మొదటి స్థానం వచ్చిన విద్యార్థికి పతకం ఇస్తారు. గురువు పోయినా ఆయన పేరు ఏటా ఒక కొత్త పిల్లవాడి చేతిలో పడుతుంది.

విశాఖ కాలేజీ పూర్వ విద్యార్థుల్లో ఇద్దరిని ఉదాహరణగా చెబుతాను. డాక్టర్ కాకర్ల సుబ్బారావు అమెరికాలో రేడియాలజీలో పేరు తెచ్చుకున్నారు. తానా మొదటి అధ్యక్షులయ్యారు. తర్వాత ఎన్.టి. రామారావు పిలుపుతో హైదరాబాద్ వచ్చి నిమ్స్‌ను తీర్చిదిద్దారు. 2000లో పద్మశ్రీ అందుకున్నారు. రెండవవారు డాక్టర్ సుంకర వెంకట ఆదినారాయణ రావు. పోలియోతో కాళ్లు చచ్చుబడిన పిల్లలకు ఉచితంగా శస్త్రచికిత్సలు చేస్తూ జీవితమంతా గడిపిన ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఒకరు దూరదేశం వెళ్లి తిరిగి వచ్చారు, ఒకరు విశాఖలోనే ఉండి పనిచేశారు. గౌరవం ఇద్దరికీ చెందింది.

అధ్యాపకుల సంగతి వేరు. రోగికి తనకు మందిచ్చిన డాక్టరు తెలుస్తాడు గాని, ఆ డాక్టరుకు నాడి చూడడం నేర్పినవారు తెలియరు. ఒక ప్రొఫెసర్ ముప్పై ఏళ్లు పాఠం చెబితే ఎన్ని వందల మంది డాక్టర్లు ఎన్ని ఊళ్లకు వెళ్తారో లెక్క వేసుకోండి. అందుకే బి.సి. రాయ్ పేరిట ఇచ్చిన జాతీయ పురస్కారాల్లో వైద్య అధ్యాపకులకు ప్రత్యేక విభాగం ఉండేది. ఆయన పుట్టినదీ, పోయినదీ జూలై 1నే. ఆ రోజునే మనం డాక్టర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం.

పిలిచి గౌరవిస్తే ఏం తిరిగొస్తుంది?

గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో మొదలైంది. అక్కడ చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ల సంఘం పేరు జింకానా. వాళ్లు ఏటేటా కలుసుకుంటారు, గురువులను తలుచుకుంటారు, పాత ఆసుపత్రికి ఏం కావాలో మాట్లాడుకుంటారు. 2022లో అలాంటి సమావేశంలోనే డాక్టర్ గవిని ఉమ, గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగం కోసం తన కష్టార్జితం 20 కోట్ల రూపాయలు ప్రకటించారు. భవనానికి ఆమె పేరు పెడతామంటే వద్దని, కాలం చేసిన తన భర్త పేరుకు ఒప్పుకున్నారు.

పురస్కారం ఇచ్చినందుకు డబ్బు వస్తుందని చెప్పడానికి దీన్ని రాయలేదు. నలభై, యాభై ఏళ్ల తర్వాత కూడా "నువ్వు మా బిడ్డవి" అని పిలిచేవారు ఉంటేనే మనిషి వెనక్కి తిరిగి చూస్తాడు.

బతికుండగా అందని గౌరవం

దీనికి ఎదురు ఉదాహరణ డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివేటప్పుడు ఖద్దరు కోటు వేసుకుని శస్త్రచికిత్స గదికి వెళ్లినందుకు తెల్ల ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. ఆ ఫలితంగా పూర్తి ఎం.బి.బి.ఎస్. డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. సర్టిఫికెట్‌తో సరిపెట్టుకోవలసి వచ్చింది. అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పరిశోధన చేశారు. శరీరంలో శక్తి ఎలా నిలవ ఉంటుందో తెలిపే పరిశోధనల్లో ఆయన చేయి ఉంది. అక్కడ కూడా స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. తర్వాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన నాయకత్వంలో ఫోలిక్ యాసిడ్ తయారీ, క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, బోదకాలు మందు హెట్రజాన్ వంటివి వచ్చాయి. 1948లో, 53 ఏళ్ల వయసులో పోయారు. మన ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల వేసింది 1995లో, శతజయంతికి.

గర్భిణులకు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర మన ప్రతి ఇంటికీ వచ్చింది. శ్రీకాకుళం, గంజాం వైపు మన చుట్టాలకు బోదకాలు రాకుండా మింగించే మాత్రా తెలిసినదే. ఆ మాత్రల వెనుక భీమవరం మనిషి ఉన్నాడని మన ఇళ్లలో ఎంతమందికి తెలుసు? ఆయన చదివిన చోట ఆయన్ని బతికుండగా గుర్తించి ఉంటే, రెండు తరాల పిల్లలు ఆ పేరు విని పెరిగేవారు.

దూరాన పనిచేసేవారి సంగతి

సమావేశంలో ఒక అమ్మగారు సూటిగా అడిగారు: "అమెరికా వెళ్లినవాళ్లకే దండలు వేస్తే, ఇక్కడ ఉండిపోయిన పిల్లలకు మీరేం చెబుతున్నట్టు?" దానికి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ దగ్గర సమాధానం ఉంది. పల్లెల్లో, వెనుకబడిన ప్రాంతాల్లో గొప్పగా పనిచేసిన తమ పూర్వ విద్యార్థుల కోసం వారు పాల్ హారిసన్ పేరిట ప్రత్యేక పురస్కారం పెట్టారు. పెద్ద నగరంలో పేరు పొందినవారితో పల్లె డాక్టరు పోటీ పడనక్కరలేదు. ఆ వరుస వేరు.

అలాంటి పని మనకు కొత్త కాదు. మన పక్కనే బిస్సంకటక్‌లో 1954లో డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ మొదలుపెట్టిన క్రిస్టియన్ ఆసుపత్రి ఉంది. గుంటూరు మెడికల్ కాలేజీ పూర్వ విద్యార్థి డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాద్‌లో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, ఇప్పుడు రాయగడలో కూడా పనిచేస్తోంది. మన జిల్లా బడుల్లో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, లక్షన్నరకు పైగా పిల్లల కంటిచూపు పరీక్ష చేయించిన కార్యక్రమం వారిదే. ఎక్కడో గుంటూరులో చెప్పిన పాఠం మన రాయగడ పిల్లవాడి కళ్లద్దాల వరకు వచ్చింది. అధ్యాపకుల్ని గౌరవించాలనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మన పిల్లలు ఏ జాబితాలో ఉన్నారు?

ఇది అసలు విషయం. మన పిల్లలు నీట్ రాసి ఒడిశా కోటాలోనే సీటు తెచ్చుకుంటున్నారు. చదువు ఎక్కువగా బరంపురంలో, బుర్లాలో, కటక్‌లో, ఇప్పుడు కొరాపుట్‌లో. బరంపురం కాలేజీ 1962లో వచ్చింది. దానికి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టారు. కొరాపుట్‌లో 2017లో మొదలైన కాలేజీకి స్వాతంత్ర్య వీరుడు లక్ష్మణ్ నాయక్ పేరు పెట్టారు. ఇవి మనవే.

కానీ పురస్కారాల దగ్గరకు వచ్చేసరికి మన పిల్లలు రెండు వైపులా జారిపోతున్నారు. ఆంధ్ర కాలేజీల సంఘాలు తమ దగ్గర చదివినవారిని చూస్తాయి. ఇక్కడి కాలేజీలు తమ విద్యార్థుల్లో ప్రతిభను చూస్తాయి గాని, తెలుగు మాట్లాడే ఇంటి నుంచి వచ్చి, ఒడియా మాధ్యమంలో చదివి, కువి, సవర మాట్లాడే రోగులకు వైద్యం చేస్తున్న పిల్లవాడు పడిన శ్రమను ప్రత్యేకంగా ఎవరూ రాసి ఉంచరు. అది మన పని. మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.

నా చేతి మీదుగా జరిగిన పొరపాటు

నేను గుమాస్తాగా రిటైరయ్యాను. సంఘంలో సన్మాన పత్రాలు రాసే పని చాలా ఏళ్లుగా నాదే. కొన్నేళ్ల క్రితం ఒక విశ్రాంత డాక్టరు గారికి సన్మానం చేశాం. "వైద్యో నారాయణో హరిః" అని మొదలుపెట్టి, "నిస్వార్థ సేవామూర్తి, మృదుభాషి, అపర ధన్వంతరి" అని నింపి, ఫ్రేము కట్టించి ఇచ్చాను. సభ అయ్యాక ఆయన నన్ను పక్కకు పిలిచి నవ్వుతూ అన్నారు: "బాబూ, దస్తూరి చాలా బాగుంది. కానీ ఇందులో నా పేరు తీసేసి ఇంకొకరి పేరు పెట్టినా సరిపోతుంది కదా."

నాకు నోట మాట రాలేదు. నిజమే, అంతకు ముందు ఏడాది ఒక ఉపాధ్యాయుడికి రాసిన పత్రంలోనే పేరూ, రెండు విశేషణాలూ మార్చాను. ఆయన ఏ కాలేజీలో చదివారో, ఏ ఊళ్లలో పనిచేశారో, ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో నేను అడగలేదు. ఈసారి కూర్చుని అన్నీ అడిగి రాస్తానని చెప్పాను. మరుసటి ఏడాదే ఆయన కాలం చేశారు. ఆఫీసులో ఒక సర్వీసు రిజిస్టరులో ఒక్క తేదీ తప్పితే నిద్రపోని మనిషిని, ఒక మనిషి జీవితాన్ని ఖాళీగా వదిలేశాను. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మనం ఇలా చేద్దాం

కార్యవర్గం ముందు ఈ సూచనలు పెడుతున్నాను.

ఒకటి, ఏటా మూడు పురస్కారాలు చాలు: వైద్యవృత్తిలో విశేషంగా పనిచేసిన పూర్వ విద్యార్థికి ఒకటి, వైద్య అధ్యాపకులకు ఒకటి, మన జిల్లాల పల్లెల్లో పనిచేస్తున్న డాక్టరుకు ఒకటి. తగినవారు దొరకని ఏడాది ఖాళీగా వదిలేద్దాం.

రెండు, పేర్లు ఎవరైనా పంపవచ్చు, కానీ రాతపూర్వకంగా. చదివిన కాలేజీ, సంవత్సరం, పనిచేసిన ఊళ్లు, చేసిన పని ఒక పేజీలో ఉండాలి.

మూడు, ఎంపిక సంఘంలో సంఘం పదవుల్లో లేనివారు ఎక్కువమంది ఉండాలి. సంఘానికి పెద్ద చందా ఇచ్చారన్న కారణంతో ఎవరికీ పురస్కారం ఇవ్వకూడదు. చందా ఇచ్చినవారికి రసీదు ఇద్దాం, సభలో కృతజ్ఞత చెబుదాం. అది వేరు, ఇది వేరు.

నాలుగు, పెద్దవారికి ముందు ఇద్దాం. పోయినవారికి నివాళి ఎప్పుడైనా ఇవ్వవచ్చు.

ఐదు, పుస్తకాల మాట అన్నవారి కోసం: లక్ష రూపాయలు డిపాజిట్ చేస్తే, వడ్డీ ఏడు శాతం వచ్చినా ఏడాదికి 7,000. శాలువా, జ్ఞాపికల ఖర్చు తగ్గించి, ఆ వడ్డీతో సత్కారం పొందిన డాక్టరు పేరిట ఒక విద్యార్థికి పుస్తకాలు కొని, వారి చేతుల మీదుగానే ఇప్పిద్దాం.

ఆరు, సన్మాన పత్రం తెలుగులోనూ ఒడియాలోనూ ఉండాలి. అందులో పేరు తీసేస్తే ఇంకెవరికీ సరిపోకూడదు. దాని నకలు సంఘం దస్త్రంలో భద్రంగా ఉండాలి.

మీ ఇంట్లోనో, మీ వీధిలోనో అలాంటివారు ఉంటే ఇప్పుడే వారి దగ్గర కూర్చుని అడగండి. ఎక్కడ చదివారు, ఎవరు చెప్పారు, మొదటి రోగి ఎవరు, ఎందుకు ఇక్కడ ఉండిపోయారు లేదా ఎందుకు వెళ్లారు. కాగితం మీద పెట్టి సంఘానికి పంపండి. దస్తూరి బాగోకపోయినా ఫరవాలేదు, తిరగరాసే పని నాది.