నిప్పు కంటే ముందే కబురు
* కొండల్లో గడ్డి ఎంత ఎండిందో చెప్పే స్వయంచాలక వాతావరణ కేంద్రాలు
* నాలుగు కొలతలే కీలకం
* సకాలంలో సమాచారం చేరితేనే ప్రయోజనం

విజయవాడ వన్‌టౌన్: శివరాత్రి దాటితే వన్‌టౌన్ చుట్టూ ఉన్న కొండల రంగు మారుతుంది. వానలకు ఏపుగా పెరిగిన గడ్డి ఇంద్రకీలాద్రి వాలుల నుంచి విద్యాధరపురం, చిట్టినగర్ కొండల వరకు ఎండి గోధుమవర్ణంలోకి తిరుగుతుంది. ఆ కొండలనే ఆశ్రయించుకుని మెట్లు మెట్లుగా ఇళ్లు వెలిశాయి. నగరానికి వాయవ్యాన కొండపల్లి రిజర్వు అటవీ ప్రాంతం ఉంది. అక్కడి బొమ్మల కళాకారులకు జీవనాధారమైన తెల్లపొణికి కర్ర లభించేది ఆ అడవిలోనే. ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క, చెత్తకుప్పకు పెట్టిన నిప్పు ఈ రెండింటికీ చేటు తేగలవు. మంట లేచాక ఆర్పడం కంటే, ఏ రోజున లేచే అవకాశం ఉందో ముందే తెలుసుకోవడం మేలు. స్వయంచాలక వాతావరణ కేంద్రాలు చేసే పని ఇదే.

ఉపగ్రహం చూసేది మంటను

అడవి మంటలపై ఉపగ్రహాల ద్వారా నిఘా పెట్టే విధానాన్ని డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ 2004లో ప్రారంభించింది. ఇప్పుడు 375 మీటర్ల గడుల స్థాయిలో వేడిని గుర్తించి, ఆ ప్రాంత అటవీ సిబ్బందికి సంక్షిప్త సందేశం పంపుతోంది. అయితే ఉపగ్రహం కొండమీదుగా రోజుకు కొన్ని సార్లు మాత్రమే ప్రయాణిస్తుంది. రెండు ప్రయాణాల మధ్య రాజుకున్న మంట అది మళ్లీ వచ్చే సరికి వాలంతా పాకిపోవచ్చు. పైగా ఉపగ్రహం చెప్పేది జరిగిన సంగతి. వాతావరణ కేంద్రం చెప్పేది జరగబోయే సంగతి. ఒకటి ఉంటే రెండోది అక్కరలేదనుకోవడం పొరపాటు.

నాలుగు అంకెలు

ఉష్ణోగ్రత, గాలిలో తేమ, గాలి వేగం, గడచిన 24 గంటల వర్షపాతం. అగ్ని ముప్పును లెక్కగట్టడానికి కావలసినవి ఈ నాలుగే. కెనడా శాస్త్రవేత్తలు రూపొందించిన అగ్ని వాతావరణ సూచిక ప్రతి మధ్యాహ్నం ఈ నాలుగింటినీ తీసుకుని, నేలమీది ఆకులు, వాటి కింది పొరలు, లోతైన పొరలు ఎంతెంత ఎండాయో విడివిడిగా గణిస్తుంది. చాలా దేశాలు దీనిని అనుసరిస్తున్నాయి. కిరాణా ఖాతాలో నిన్నటి బాకీ నేటికి చేరినట్లే, ఇందులో ప్రతిరోజు లెక్క ముందు రోజు లెక్కపై ఆధారపడుతుంది. అందుకే కేంద్రం కొన్నాళ్లు మూగబోతే ఆ తర్వాతి లెక్క కూడా తప్పుతుంది.

ఎండ ఒక్కటే ప్రమాదానికి గుర్తు కాదు. 2014లో తిరుమల సమీపాన శేషాచలం అడవుల్లో మంటలు చెలరేగి, వైమానిక దళ హెలికాప్టర్లతో నీళ్లు చల్లించాల్సి వచ్చింది మార్చి నెలలోనే. తమిళనాడులోని కురంగణి కొండల్లో మంటలు చుట్టుముట్టి ఇరవై మందికి పైగా మరణించింది 2018 మార్చి 11న. రోహిణీకార్తె ఇంకా ఎంతో దూరంలో ఉండగానే ఆకు రాలి, గడ్డి ఎండి, గాలిలో తేమ పడిపోవడం వల్లనే అడవి నిప్పుకు సిద్ధమవుతుంది. వడగాడ్పుల హెచ్చరిక వచ్చే వరకు ఆగితే అప్పటికే ఆలస్యమవుతుంది.

నూరు గ్రాముల పుల్ల

అమెరికా అడవుల్లో ఇలాంటి కేంద్రాలు రెండు వేలకు పైగా ఉన్నాయి. సౌరఫలకంతో నడిచే ఇవి గంటగంటకూ తమ కొలతలను ఉపగ్రహం ద్వారా పంపుతాయి. వీటిలో చాలావాటికి ఒక చిత్రమైన పరికరం అదనం. పూర్వం పూర్తిగా ఎండినప్పుడు సరిగ్గా నూరు గ్రాములు తూగే పైన్ జాతి పుల్లల కట్టను ఆరుబయట ఉంచి రోజూ తూచేవారు. అది 108 గ్రాములు తూగితే అందులో ఎనిమిది శాతం తేమ ఉన్నట్లు. ఇప్పుడు అదే పనిని పుల్లలో అమర్చిన విద్యుత్ సాధనం చేస్తోంది. గడ్డిపరక గంట సేపట్లో గాలిలోని పొడితనాన్ని అందుకుంటుంది. వేలి లావు కొమ్మకు దాదాపు పది గంటలు పడుతుంది. ఉదయం చిరుజల్లు పడినా మధ్యాహ్నానికి గడ్డి మళ్లీ అంటుకోవడానికి కారణం ఇదే.

కొండ లెక్క వేరు

విజయవాడ వాతావరణానికి ప్రామాణికంగా తీసుకునేది గన్నవరం విమానాశ్రయంలోని కొలతలను. చదునైన మైదానంలో తీసిన కొలత కొండ వాలుకు యథాతథంగా వర్తించదు. పగలు వేడెక్కిన గాలి వాలు వెంట పైకి ఎగబాకుతుంది. రాత్రి చల్లబడి కిందికి జారుతుంది. మంట ఎగువకే వేగంగా పరుగెడుతుంది. వాలు పది డిగ్రీలు పెరిగితే దాని వేగం సుమారు రెట్టింపవుతుందన్నది అగ్నిమాపక నిపుణుల లెక్క. కొండ మీద ఇంటి దిగువన చెత్త తగులబెట్టడం ఎంత ప్రమాదమో దీన్ని బట్టి గ్రహించవచ్చు. అందుకే అడవి కోసం పెట్టే కేంద్రాన్ని చెట్ల నీడ, భవనాల అడ్డు లేకుండా, ఎండ బాగా తగిలే వాలున నెలకొల్పాలి.

ఉన్నవాటినే వాడుకోవచ్చు

రాష్ట్రంలో మండలాల స్థాయిలో స్వయంచాలక వాతావరణ కేంద్రాలు ఇప్పటికే పనిచేస్తున్నాయి. విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాడ్పుల హెచ్చరికలు జారీ చేయగలుగుతున్నది ఇలాంటి యంత్రాంగం ఉన్నందువల్లనే. వీటిని నెలకొల్పింది ప్రధానంగా వర్షం, ఎండ, వ్యవసాయ అవసరాల కోసం. అయినా అగ్ని సూచికకు కావలసిన కొలతలూ దాదాపు ఇవే. మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ తుపాను మేఘాన్ని పట్టగలదు గానీ గడ్డి పొడితనాన్ని పట్టలేదు. ఆ లోటును కొండల చెంతనున్న కేంద్రాలే తీర్చాలి.

యంత్రాన్ని నిలబెట్టినంత మాత్రాన సరిపోదు. వానమాపకంలో ఆకులు, పక్షి గూళ్లు అడ్డుపడితే వర్షం పడినా నమోదు కాదు. తేమను కొలిచే భాగానికి దుమ్ము పడితే పొడిగాలిని కూడా తడిగాలిగా చూపవచ్చు. తప్పుడు ధైర్యమిచ్చే యంత్రం లేకపోవడమే నయం.

చివరి మెట్టు వరకు చేరాలి

మధ్యాహ్నం తేలిన అంకె ఆ పూటే అటవీ బీటు అధికారికి, మేకల కాపరికి, కొండ మీద పై వరుసలో కాపురముండే ఇల్లాలికి చేరాలి. అప్పుడే అగ్నిరేఖలు శుభ్రం చేయడం, కాపలా పెంచడం, చెత్తకు నిప్పు పెట్టకుండా ఆపడం సాధ్యమవుతుంది. అటవీ సర్వే సంస్థ వెబ్‌సైట్‌లో సామాన్యులు కూడా పేరు నమోదు చేసుకుని తమ ప్రాంతపు మంటల సందేశాలను పొందవచ్చు. కొండపై పొగ కనిపిస్తే 101కు తెలపాలి. మన అడవుల్లో మంటల్లో అత్యధికం మనుషుల చేతుల మీదుగా పుట్టేవే. యంత్రం చెప్పగలిగేది నేడు జాగ్రత్త అవసరమని మాత్రమే. అగ్గిపుల్లను ఆపవలసింది మనిషే.