బాబినెట్: దిండు వదిలేసిన లేసు

లేసు అల్లే యంత్రం ఎలా పుట్టిందో తెలియాలంటే ముందు లేసు దిండు దగ్గర కాసేపు కూర్చోవాలి. దిండంటే తలకింద పెట్టుకునే మెత్తటిది కాదు. గడ్డి దట్టంగా కూరి, పైన గుడ్డ బిగించి కుట్టిన బరువైన దిమ్మ. దాని మీద ఒక అట్ట, అట్ట నిండా సూదితో పొడిచిన బెజ్జాలు. పూర్వం అట్టకు బదులు తోలు కాగితం వాడేవారు. ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు ఆ బెజ్జాలు ముందే ఉంటాయి, వాటిని కలిపే గీత మాత్రం దారంతో పడాలి. ప్రతి దారానికీ ఒక కండె ఉంటుంది. పెన్సిలు కన్నా పొట్టిగా, మెడ దగ్గర సన్నగా చెక్కిన కర్రపుల్ల. దాన్నే బాబిన్ అంటారు.

నాలుగు పోగులు పక్కపక్కనే వేలాడుతున్నాయనుకోండి. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు. రెండోదాన్ని మూడోదాని మీదుగా కుడికి పంపితే అది ‘దాటు’. తర్వాత ఒక్కో జతలోనూ కుడి పోగును ఎడమ పోగు మీదుగా వేస్తే అది ‘పురి’. కదలికలు ఈ రెండే. దిండు మీద ఇరవై కండెలున్నా, మూడు వందలున్నా ఒక్కసారికి చేతిలోకి వచ్చేవి నాలుగే, వాటితో చేసేది ఈ రెండు పనులే. దాటు, పురి, మళ్లీ దాటు వేస్తే మగ్గం మీద నేసిన గుడ్డలా చిక్కటి అల్లిక వస్తుంది. దాటు, పురి వేసి ఆపేస్తే పోగులు ఏటవాలుగా విడిపోయి పలచటి జాలీ అవుతుంది. అవే రెండు జతలతో దాటు, పురి మార్చి మార్చి వేసుకుంటూ పోతే నాలుగు పాయల జడ తేలుతుంది. ఒక దాటుకి మూడు పురులు పెడితే ఇంగ్లండులో బకింగ్‌హామ్‌షైర్ వాళ్ల పేరుమోసిన సన్నటి వల.

కుట్టు పడిన చోట బెజ్జంలో ఒక గుండుసూది గుచ్చుతారు. దారం దాని చుట్టూ బిగిసి, తన చోట తాను నిలబడేదాకా సూది అక్కడే ఉండాలి. కింద అల్లిక పెరిగేకొద్దీ పైన సూదులు పీకి ముందుకు తెచ్చుకుంటారు. సూదులు ఇత్తడివే ఎందుకంటే, ఇనుపసూది తుప్పు తెల్లదారానికి అంటితే వారం రోజుల పని పోయినట్టే. ఇంగ్లండు మధ్య జిల్లాల్లో కండె చివర ఒక తీగకు గాజు పూసలు గుచ్చి కట్టేవారు. ఆ బరువుకి దారం బిగువుగా ఉండేది, కండె దొర్లిపోయేది కాదు. ఎముకతో చేసిన కండెల మీద పేర్లు, తేదీలు చెక్కించుకునేవారు. ప్రియుడి పేరు, పోయిన బిడ్డ పేరు సరే, ఊళ్లో ఎవరినైనా ఉరితీస్తే ఆ ఖైదీ పేరు చెక్కిన కండెలు కూడా అమ్ముడుపోయాయి! బెడ్‌ఫర్డ్ ప్రాంతంలో అలాంటివి ఇప్పటికీ సేకర్తల దగ్గర దొరుకుతాయి.

ఈ అల్లిక 16వ శతాబ్దంలో ఇటలీలో, ఫ్లాండర్స్‌లో స్థిరపడింది. 1561లో జ్యూరిక్‌లో అచ్చయిన ఒక నమూనాల పుస్తకం, 1536 ప్రాంతంలో వెనిస్ వర్తకులు దీన్ని తమ ఊరికి తెచ్చారని చెబుతుంది. రాసినావిడ లేసు నేర్పే పంతులమ్మ. ఆవిడ గురించి మనకు మిగిలినవి ఆర్. ఎం. అనే పొడి అక్షరాలు మాత్రమే. లేసు చరిత్రంతా ఇంతే. కట్టుకున్న రాజుల పేర్లు, కొన్న రాణుల పేర్లు తెలుస్తాయి కానీ అల్లినవాళ్ల పేర్లు తెలియవు.

అల్లినవాళ్లు ఎక్కువగా పల్లెటూరి ఆడవాళ్లు, పిల్లలు. ఇంగ్లండులో ఐదారేళ్ల పిల్లల్ని లేసు బడికి పంపేవారు. బడి అన్నమాటే గానీ అక్కడ చదువు తక్కువ, కండెలు ఎక్కువ. సూదుల లెక్క తప్పకుండా ఉండటానికి పిల్లలు ఒక లయలో పాటలు పాడుతూ అల్లేవారు. చలికాలం సాయంత్రాల్లో ఒకే కొవ్వొత్తి చుట్టూ నీళ్లు నింపిన గాజు బుడ్లు పెట్టేవారు. ఒక్కో బుడ్డి వెలుగును ఒకచోటికి గుమిగూర్చి ఒక్కో దిండు మీద నాణెమంత మేర పడేట్టు చేసేది. ఆ వెలుగు చుక్కలో చూసి వెంట్రుక లాంటి పోగులు దాటించాలి. కుంభాకార కటకం అనే పాఠం పుస్తకంలో చదవకుండానే ఆ పిల్లలందరికీ తెలుసు.

దీన్ని యంత్రంతో చేయాలన్న ఆశ పుట్టింది లేసు అల్లేవాళ్లకు కాదు, మేజోళ్లు అల్లే మగ్గాల వాళ్లకు. 1589లో విలియం లీ అనే ఆయన మేజోళ్ల మగ్గం తయారుచేశాడు. నాటింగ్‌హామ్ చుట్టుపక్కల మెకానిక్కులు 18వ శతాబ్దంలో దానికే రకరకాల పరికరాలు తగిలించి వల లాంటి గుడ్డ తీశారు. చూడటానికి లేసే. కానీ మేజోళ్ల మగ్గం చేసేది ఉచ్చు అల్లిక. ఒక్కచోట పోగు తెగితే వరసంతా జారిపోతుంది. దిండు మీద అల్లిన వల అలా జారదు, ఎందుకంటే అందులో ప్రతి పోగూ పక్కదాన్ని పెనవేసుకుని ఉంటుంది. ఆ పెనవేతను యంత్రంతో ఎలా తేవాలన్నదే చిక్కుముడి.

విప్పినవాడు జాన్ హీత్‌కోట్. 1783లో డెర్బీ దగ్గర డఫీల్డ్‌లో పుట్టాడు. మేజోళ్ల మగ్గాలు తయారుచేసే, బాగుచేసే పని నేర్చాడు. యంత్రాన్ని ఊహించడానికి ముందు అతను చేసిన పని, లేసు అల్లే ఆడమనిషి చేతుల్ని ఓపిగ్గా చూడటం, చేతిలేసు ముక్కను పోగు పోగుగా విప్పి ఏది ఎటు పోతోందో కనిపెట్టడం. దిండు మీద చూస్తే వందల కండెలు అటూ ఇటూ ఎగురుతూ గందరగోళంగా ఉంటుంది. హీత్‌కోట్ ఆ గందరగోళంలోంచి ఒక్క మాట బయటికి లాగాడు. పోగులన్నీ తిరగనక్కర్లేదు. సగం పోగుల్ని పడుగులా నిలువుగా బిగించి ఉంచి, మిగతా సగం వాటికి పురిపెట్టుకుంటూ ఏటవాలుగా సాగిపోయినా అదే ఆరు మూలల వల వస్తుంది.

నా ఉద్దేశంలో అసలు ఆవిష్కరణ ఇదే. తర్వాతి ఇత్తడి, ఉక్కు పనితనమంతా దీని వెనక వచ్చిందే. కదలాల్సిన పోగులు ఒక్క దెబ్బతో సగానికి తగ్గిపోయాయి. పడుగు పోగులకి కండెలే అక్కర్లేదు, ఒక దోనెకు చుట్టేస్తే సరి.

మిగిలిన సగానికి మాత్రం కండెలు కావాలి, అవి పడుగు పోగుల సందుల్లోంచి ముందుకీ వెనక్కీ పోవాలి. ఆ సందు మిల్లీమీటరు లెక్కల్లో ఉంటుంది. అందులోంచి కర్రపుల్ల ఎలా దూరుతుంది? హీత్‌కోట్ కండె ఆకారమే మార్చేశాడు. పల్చటి ఇత్తడి బిళ్లలు రెండు కలిపి బిగించి, మధ్య సందులో దారం చుట్టాడు. ఆ బిళ్లను ఒక ఉక్కు రేకు చట్రంలో కూర్చోబెట్టాడు. అలాంటి చట్రాలు వందలకొద్దీ దువ్వెన పళ్ల లాంటి గాడుల్లో వరసగా నిలబడి, ఒక్కసారిగా పడుగు సందుల్లోంచి అవతలికి ఊగుతాయి. వాటి వరస ఒక గాడి పక్కకు జరుగుతుంది. మళ్లీ ఇవతలికి ఊగుతాయి. అంటే ప్రతి పోగూ ఒక పడుగు పోగును చుట్టి, పక్కదాని దగ్గరికి పోతుంది. సగం కండెలు కుడివైపు, సగం ఎడమవైపు ప్రయాణిస్తాయి, అంచుకి చేరినవి వెనుదిరుగుతాయి. గుండుసూదుల పని చేయడానికి ఒక ముళ్ల పట్టీ ఉంటుంది, పడ్డ పెనవేతను పైకి నెట్టి బిగిస్తుంది. దిండు మాత్రం ఎక్కడా లేదు.

1808లో ఒక పేటెంటు, 1809లో మెరుగుపరిచిన యంత్రానికి ఇంకొకటి తీసుకున్నాడు. అప్పటికి అతని వయసు పాతికేళ్లు. దిండు మీది కండెల పేరే ఆ గుడ్డకి మిగిలింది, బాబినెట్.

లఫ్‌బరోలో ఫ్యాక్టరీ పెట్టాడు. 1816 జూన్ 28 రాత్రి లడ్డైట్లు, అంటే యంత్రాలు పగలగొట్టే ఉద్యమం వాళ్లు, ఫ్యాక్టరీలో జొరబడి 55 యంత్రాల్ని నుజ్జు చేశారు. కాపలా మనిషికి తుపాకీ గాయమైంది. నాయకుడిగా పట్టుబడ్డవాణ్ణి ఆ ఏడాదే, మరో ఆరుగురిని 1817 ఏప్రిల్‌లో ఉరితీశారు. హీత్‌కోట్‌కి పదివేల పౌండ్ల పరిహారం ఇస్తామన్నారు, కాకపోతే ఆ డబ్బు ఆ జిల్లాలోనే ఖర్చుపెట్టాలని మెలిక పెట్టారు. అక్కర్లేదని దక్షిణాన డెవన్‌లోని టివర్టన్‌కు తరలిపోయాడు. ఎక్స్ నది ఒడ్డున పాత నూలు మిల్లులో మళ్లీ యంత్రాలు కట్టాడు. అతని పనివాళ్లలో చాలామంది వెంట నడిచి వెళ్లారు.

ఇక్కడొక సంగతి చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనపడదు. ఆ యంత్రాల్ని పగలగొట్టింది మేజోళ్ల మగ్గాల మగవాళ్లు, కూలి తగ్గుతుందన్న కోపంతో. బాబినెట్ వల్ల నిజంగా పొట్ట కొట్టుకుపోయింది దిండు ముందు కూర్చున్న ఆడవాళ్లకి. వాళ్లు ఒక్క చక్రం కూడా విరగ్గొట్టలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు, దళారీ చెప్పిన రేటుకి ఇంకాస్త తక్కువకి అల్లుకుంటూ పోయారు. ఫ్యాక్టరీ గేటు లేనివాళ్లకి సమ్మె కూడా ఉండదు.

1823లో పేటెంటు గడువు తీరగానే నాటింగ్‌హామ్‌కి బాబినెట్ పిచ్చి పట్టింది. దర్జీలు, వడ్రంగులు, దాచుకున్న నాలుగు రూకలున్న ప్రతివాడూ యంత్రం కొన్నాడు. రెండేళ్లు తిరక్కుండానే బుడగ పేలింది, వల ధర పాతాళానికి పోయింది. మొదట్లో చదరపు గజం ఐదు పౌండ్లు పలికిన వల పాతికేళ్లలో కొద్ది పెన్నీలకు దిగింది. అప్పుడు చేతిపనివాళ్లు రాజీపడ్డారు. పువ్వుల వెనక నేలగా ఉండే వలను యంత్రానికి వదిలేసి, పువ్వులు మాత్రం దిండు మీద అల్లి ఆ వలకి అతికించడం మొదలుపెట్టారు. డెవన్‌లోని హోనిటన్ లేసు అలాగే బతికింది. 1840లో విక్టోరియా రాణి పెళ్లి లేసు పని అక్కడి బీర్ అనే పల్లెకి వెళ్లింది, రెండువందల మందికి పైగా అల్లారని చెబుతారు.

పువ్వులూ ఎంతోకాలం మిగల్లేదు. 1813లో జాన్ లీవర్స్ చేసిన యంత్రానికి తర్వాతి దశాబ్దాల్లో బెజ్జాలతో నమూనా చెప్పే జకార్డ్ అట్టలు తగిలించడంతో డిజైను లేసు కూడా ఫ్యాక్టరీ సరుకైంది. అట్ట మీద బెజ్జాలు పొడిచి నమూనా చెప్పడం దిండు ఆడవాళ్లకి రెండు శతాబ్దాల కిందటి విద్యే. జకార్డ్ దాన్ని యంత్రం చదవగలిగేట్టు చేశాడు. 19వ శతాబ్దం చివర్లో జర్మనీలోని బార్మెన్ ఊళ్లో తాళ్లు పేనే యంత్రాన్ని మార్చి, అచ్చంగా దాటు, పురి వేసే యంత్రమే తీశారు. హీత్‌కోట్ యంత్రం లేసును అనుకరించింది. బార్మెన్ యంత్రం లేసునే అల్లింది. సన్నటి అంచుల విషయంలో దిండు మీదిదీ బార్మెన్‌దీ పక్కపక్కన పెడితే చేయి తిరిగినవాళ్లు కూడా భూతద్దం తీయాల్సిందే. కూలికి దిండు లేసు అల్లే రోజులు అక్కడితో చెల్లిపోయాయి.

హీత్‌కోట్ టివర్టన్ నుంచి 1832లో పార్లమెంటుకు ఎన్నికై 1859 దాకా కొనసాగాడు, 1861లో పోయాడు. ఆయన పెట్టిన కంపెనీ ఇంకా ఆ ఊళ్లోనే ఉంది. 2021 ఫిబ్రవరిలో పర్సివరెన్స్ రోవర్‌ను అంగారకుడి మీదకు దింపిన పారాచూట్ బట్ట అక్కడ నేసిందే.

మరి దిండు? అది ఇప్పుడు సరదా పని. కూలి లేకపోయాక దానికి కొత్త ఊపిరి వచ్చింది. బ్రిటన్‌లో 1976లో లేస్ గిల్డ్ పుట్టింది. స్లొవేనియాలో ఇద్రియా అనే పాదరసం గనుల ఊళ్లో 1876లో పెట్టిన లేసు బడి నేటికీ నడుస్తోంది, ఆ దేశపు బాబిన్ లేసును 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. గడ్డి దిండు బదులు థర్మోకోల్ వచ్చింది, అట్ట మీద ప్లాస్టిక్ పొర అంటిస్తున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లని పదీ పన్నెండు జతల కండెలతో, గళ్ల కాగితం మీద గీయగలిగే టోర్షన్ అనే సాదా రకంతో మొదలుపెట్టిస్తారు.

లెక్కల వాళ్లకి కూడా ఇది చిక్కింది. కెనడాలో విక్టోరియా విశ్వవిద్యాలయంలో వెరోనికా అర్విన్ ఈ అల్లిక మీదే పరిశోధన చేసి 2016లో డాక్టరేటు తీసుకున్నారు. నాలుగు పోగులు కలిసే ప్రతిచోటా రెండు జతలు వచ్చి రెండు జతలు పోతాయి. ఇలాంటి కొన్ని నియమాల నుంచి గ్రాఫ్ సిద్ధాంతంతో కంప్యూటర్ చేత వలలు గీయిస్తే, పాత పుస్తకాల్లో ఎక్కడా కనపడని నమూనాలు ఎన్నో బయటపడ్డాయి. కాగితం మీద కుదిరినవాటిలో కొన్నిటిని ఆవిడే దిండు మీద అల్లి చూశారు. నాలుగు వందల ఏళ్లు అల్లినా ఆ రెండు కదలికల సరుకు ఇంకా అయిపోలేదన్నమాట.

మన దక్షిణాదికి దిండు లేసు 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లో నాగర్‌కోయిల్‌కి వచ్చింది, మిషనరీ భార్య మార్తా మాల్ట్ అక్కడి ఆడపిల్లలకి నేర్పింది. మన నర్సాపురం, పాలకొల్లు లేసు మాత్రం వేరు. అదీ మిషనరీల ద్వారానే వచ్చింది గానీ కండెలు, దిండు లేకుండా ఒక్క కొక్కెం సూదితో అల్లే క్రోషే. అక్కడా కథ అదే. అల్లేది లక్షల చేతులు, లెక్కల్లో మాత్రం వాళ్లు గృహిణులు. మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు మీద రాసిన పుస్తకం ఈ విషయాన్నే బయటపెట్టింది. 2024లో ఈ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

క్రోషే మెషిన్ పేరుతో బజారులో దొరికేవి నిజానికి మరో రకం అల్లిక యంత్రాలు. కొక్కెం ఒక ఉచ్చులోంచి దూరి ఇంకో ఉచ్చును లాక్కొచ్చే పనిని ఫ్యాక్టరీ స్థాయిలో చేసే యంత్రం ఇంకా రాలేదు. అందుకని ‘చేతి లేసు’ అని అమ్మేదాన్ని కొనేముందు అంచును దగ్గరగా పట్టుకుని చూడండి. ఒకదాంట్లోంచి ఒకటి పుట్టిన గొలుసు ఉచ్చులు కనిపిస్తే అది సూదితో అల్లిన క్రోషే. పోగులు జంటలుగా ఒకదాన్నొకటి దాటుతూ, మధ్యలో పురి తిరిగి ఉంటే దిండు మీదిది గానీ బార్మెన్ యంత్రానిది గానీ అయి ఉంటుంది. దారాలు నూగుగా, కుట్టుపని లాగా గుంపులుగా పేరుకుని ఉంటే మాత్రం, గుడ్డ మీద కుట్టి తర్వాత ఆ గుడ్డను మందులో కరిగించేసిన రకం. దానికి చేతిపని ధర ఇవ్వకండి.